ఉష్ణమండల దీవిలో కొత్త బల్లి జాతి: కనిపించిన రాత్రి నుంచి పేరు పెట్టే దాకా

మీరు వెళ్లిన దీవిలో, మీకు తెలిసిన ఏ జాతితోనూ పోలిక కుదరని బల్లి ఒకటి కనిపించిందనుకుందాం. అక్కడి నుంచి అది శాస్త్రం ఒప్పుకున్న కొత్త జాతి కావడానికి చాలాసార్లు కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లూ మీరు చేసే పని ఒక్కటే: అది కొత్తది కాదని నిరూపించడానికి చేతనైన ప్రయత్నమంతా చేయడం. ఓడల్లో వచ్చి దిగిన బల్లేమో, ఎదగని పిల్లేమో, నూటయాభై ఏళ్ల కింద ఎవరో పేరు పెట్టి వదిలేసినదేమో. ఈ అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా తీరిపోయి, అప్పటికీ అది వేరుగానే నిలబడితే పేరు పెట్టండి.

అవకాశాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. గెకోల్లో, అంటే ఇళ్ల గోడల మీద తిరిగే బల్లుల వర్గంలో, ఇప్పటికే 2,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. ఏటా ఇంకా చేరుతూనే ఉన్నాయి. వంకర వేళ్లుండే సిర్టోడాక్టిలస్ అనే ఒక్క ప్రజాతిలోనే (ప్రజాతి అంటే దగ్గరి జాతుల సమూహం) 300కు పైగా జాతులున్నాయి. దీవులు ఇందుకు ప్రత్యేకంగా అనువైన చోట్లు. సముద్రం అడ్డుపడి బయటివాటితో సంకరం ఆగిపోయాక, చిన్న గుంపు తన దారిన తాను మారుతూ పోతుంది. వియత్నాం దక్షిణ కొసన ఉన్న హోన్ ఖోయి అనే చిన్న దీవిలో 2010లో వర్ణించిన, అంటే శాస్త్ర పత్రంలో మొదటిసారి పేరుతో పరిచయం చేసిన, నెమాస్పిస్ సైకెడెలికా చూడండి. నారింజ రంగు కాళ్లు, తోక, మెడ మీద పసుపు, నలుపు చారలు. అంత కొట్టొచ్చే రంగులున్న ప్రాణి కూడా అప్పటిదాకా ఎవరి జాబితాలోనూ లేదు.

బయల్దేరకముందే చేయాల్సినవి

మొదట ఆ దీవి నుంచి, చుట్టుపక్కల దీవుల నుంచి, ఎదురుగా ఉన్న ప్రధాన భూభాగం నుంచి ఇప్పటిదాకా నమోదైన బల్లులన్నిటి జాబితా తయారు చేసుకోండి. రెప్టైల్ డేటాబేస్ అనే ఆన్‌లైన్ జాబితా ఉచితంగా దొరుకుతుంది. అందులో ప్రతి జాతి కింద పాత పర్యాయ నామాలు, అంటే అదే జాతికి ఒకప్పుడు పెట్టి ఇప్పుడు వాడని పేర్లు కూడా ఉంటాయి. వాటిని వదిలేయకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండోది అనుమతులు. దీనికి నెలలు పట్టవచ్చు కాబట్టి ముందే మొదలుపెట్టాలి. దీవి ఏ దేశానిదైతే ఆ దేశపు అటవీ లేదా పర్యావరణ శాఖ నుంచి పరిశోధన అనుమతి, పట్టుకోవడానికి అనుమతి, నమూనా సేకరణకు అనుమతి, బయటికి పంపాలంటే ఎగుమతి అనుమతి కావాలి. జన్యు వనరుల పంపకం గురించిన నగోయా ఒప్పందం 2014 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. దాని మీద సంతకం చేసిన దేశాల్లో, కణజాలం ముక్క తీసుకోవాలన్నా ముందుగా ఆ దేశపు సమ్మతి అడగాల్సి రావచ్చు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ప్రజాతి ఉంటే ఇంకో దొంతర కాగితాలు. పగటి బల్లులైన ఫెల్సుమాలు, ఆకుతోక బల్లులైన యూరోప్లాటస్‌లు ఆ జాబితాలో ఉన్నవే.

ఇదంతా విసుగనిపిస్తుంది, నిజమే. కానీ అనుమతి లేకుండా తీసిన నమూనాను మంచి మ్యూజియం తీసుకోదు, మంచి పత్రిక అచ్చు వేయదు. అంతకంటే ముఖ్యంగా, అది ఆ దేశపు సంపద. అక్కడి విశ్వవిద్యాలయంలోనో మ్యూజియంలోనో పనిచేసే సరీసృప శాస్త్రవేత్తను మొదటి రోజు నుంచే భాగస్వామిగా పెట్టుకోండి. పత్రం చివర కృతజ్ఞతల్లో ఒక లైను వేసి సరిపెట్టడం నాకు సబబుగా అనిపించదు. పనిలో సగం పంచుకున్న మనిషి పేరు రచయితల్లో ఉండాలి. దీవి మీద ఉండేవాళ్లను కూడా అడగండి: ఏ గుహలో, ఏ చెట్టు మీద, ఏ నెలలో కనిపిస్తుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది. ఆ సంగతులు వాళ్లకు తెలిసినంతగా మీకు తెలియవు.

రాత్రి వెతకడం

చాలా గెకోలు రాత్రి తిరిగేవే. చీకటి పడిన గంట తర్వాత నుంచి మూడు నాలుగు గంటలు మంచి సమయం. హెడ్‌ల్యాంప్ కళ్ల ఎత్తులో పెట్టుకుని, నెమ్మదిగా, ఒకే చోట రెండు మూడుసార్లు తిప్పి చూడండి. బండల మధ్య పగుళ్లు, గుహ గోడలు, చెట్ల మొదళ్లు, ఎండి వేలాడే తాటాకులు, తొర్రలు, నేల మీది రాలుటాకులు, దేన్నీ వదలొద్దు. పగటి జాతులు కూడా ఉంటాయి కాబట్టి ఉదయం పూట ఎండ పడే చెట్టు కాండాలనూ చూడాలి. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన బేయాటా దీవిలో దొరికి, 2001లో వర్ణించిన స్ఫెరోడాక్టిలస్ అరియాసే ముక్కు నుంచి తోక మొదలు దాకా సుమారు 16 మిల్లీమీటర్లే. అలాంటిది రాలుటాకుల కింద ఉంటే నిలబడి చూసేవాడికి కనిపించదు. మోకాళ్ల మీద కూర్చుని ఆకు ఆకూ తిప్పాల్సిందే.

ఇళ్ల దగ్గర, రేవు దగ్గర, లైట్ల కింద కనిపించేవాటిని మొదట అనుమానించండి. హెమిడాక్టిలస్ ఫ్రెనాటస్, గెహైరా మ్యుటిలాటా, లెపిడోడాక్టిలస్ లుగుబ్రిస్ లాంటివి సరుకులతో పాటు ఓడలెక్కి ఉష్ణమండలమంతా పాకాయి. లుగుబ్రిస్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అందులో దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే పిల్లలయ్యే గుడ్లు పెడతాయి, ఒక్కో వంశానికి ఒక్కో రకం మచ్చలుంటాయి. ఒకే దీవిలో రెండు వంశాలు కనిపిస్తే రెండు జాతులని పొరబడటం చాలా తేలిక. పట్టుకున్నవన్నీ ఆడవే అయితే సంబరపడకుండా ఒకసారి ఆగండి.

ఒక్క బల్లితో కూడా తృప్తి పడకండి. ఆడ, మగ, పిల్ల, మూడూ చూడాలి. ఎదిగేకొద్దీ చారలు మాయమయ్యే జాతులు ఎన్నో. పిల్లను చూసి కొత్త రంగనుకుంటే రేపు మీ జాతి ఎవరో ఒకరి చేతిలో రద్దవుతుంది.

పట్టుకోవడం, ఫోటో తీయడం

తోక పట్టుకోవద్దు. తెగి చేతిలోకి వస్తుంది, తిరిగి పెరిగిన తోక మీది పొలుసులు అసలు తోకవి కావు కాబట్టి వర్ణనకు పనికిరాదు. అరచేతితో కప్పి, వేళ్ల మధ్య మెల్లగా ఆపండి. కొన్నిటికి ఇదీ ఎక్కువే. మడగాస్కర్, కొమొరోస్ దీవుల్లోని గెకోలెపిస్ బల్లులు చెయ్యి తగిలితే చాలు పొలుసులన్నీ వదిలేస్తాయి. వాటిని దూది ఉండలతో పట్టుకునే ప్రయత్నం చేసిన పరిశోధకులున్నారు. పొలుసులే గుర్తులైన శాస్త్రంలో పొలుసులు లేని నమూనాతో ఏం చేస్తాం? 2017లో గెకోలెపిస్ మెగాలెపిస్‌ను వర్ణించినప్పుడు మైక్రో సీటీ స్కాన్‌తో ఎముకలను కూడా పోల్చి చూశారు.

ప్రతి బల్లికీ కొత్త సంచి, కొత్త చేతి తొడుగు వాడండి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లేటప్పుడు బూట్లు, సంచులు కడిగి ఆరబెట్టండి. హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ దీవిలో బల్లుల మూతి మీద పుండ్లు పుట్టించి చంపే ఎంటెరోకాకస్ లాసర్టిడెఫార్మస్ అనే బ్యాక్టీరియా ఉంది. అలాంటిది మీ చేతుల మీదుగా ఇంకో గుంపుకు అంటుకోకూడదు.

ఫోటోలు ఆ రాత్రే లేదా మరుసటి ఉదయమే తీయాలి. పై నుంచి మొత్తం శరీరం, పొట్ట వైపు, తల రెండు పక్కలా, గడ్డం కింద, ముందు పాదం, వెనక పాదం అడుగులు, తోక మొదలు అడుగున మలద్వారం ప్రాంతం. పక్కన స్కేలు, రంగుల పట్టీ పెట్టండి. బతికున్నప్పటి రంగు తర్వాత ఇంకెక్కడా దొరకదు. నమూనాలను దాచే ఇథనాల్‌లో (ఆల్కహాల్) పసుపు, నారింజ, ఆకుపచ్చ ముందుగా పోతాయి, కొన్నాళ్లకు గోధుమ, బూడిద రంగులే మిగులుతాయి. బల్లులు గంటగంటకూ రంగు మారుస్తాయి కాబట్టి పగటి రంగు, రాత్రి రంగు వేరువేరుగా రాసుకోండి.

నమూనా తీసుకోవాలా?

కష్టమైన ప్రశ్న ఇది. కొత్త జాతి పేరు ఒక భౌతిక నమూనాకు ముడిపడి ఉంటుంది. దాన్నే హోలోటైప్ అంటారు. వందేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే తెరిచి చూసేది దాన్నే. ఫోటోలో కనిపించని పొలుసు, అప్పటికి కనిపెట్టని పరీక్ష, అన్నిటికీ జవాబు ఆ సీసాలోనే ఉంటుంది. అందుకే గుంపు తట్టుకోగలిగితే కొద్ది నమూనాలు తీసుకోవడం న్యాయమేనని నా అభిప్రాయం. తట్టుకోగలదా అన్నది మాత్రం ముందు తేల్చుకోవాలి. ఎన్ని రాత్రులు, ఎంత దూరం వెతికితే ఎన్ని కనిపించాయో లెక్క రాయండి. ఒకే గుహలో మాత్రమే ఉండి, వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ ఉంటే, ఒక్క నమూనాతో ఆగి మిగతావాటిని కొలిచి, ఫోటో తీసి, తోక కొసలోంచి చిన్న ముక్క మాత్రం తీసుకుని, పట్టిన చోటే వదిలేయండి.

తీసుకునేటప్పుడు మీ సంస్థలోని జంతు సంరక్షణ కమిటీ ఒప్పుకున్న పద్ధతిలోనే, బాధ లేకుండా ముగించాలి. ఎంఎస్-222 మత్తుమందు ఇంజెక్షన్ చాలామంది వాడే పద్ధతి. తర్వాతి పనులకు ఒక వరుస ఉంది, అది తప్పితే సరిదిద్దుకోలేరు. ముందు కణజాలం, ఆ తర్వాతే శరీరం కుళ్లకుండా గట్టిపరిచే ఫార్మలిన్. కాలేయం ముక్కో తోక కండ ముక్కో తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఫార్మలిన్ తగిలిన కణజాలం నుంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం. తర్వాత పొత్తికడుపులోకి కొద్దిగా 10 శాతం ఫార్మలిన్ ఎక్కించి, ట్రేలో వేళ్లు విడదీసి, కాళ్లు చాపి, తోక తిన్నగా పరచండి. గట్టిపడేటప్పుడు ఎలా ఉంటే ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. వేళ్లు ముడుచుకుపోతే అడుగున ఉన్న పలకలు ఎవరూ లెక్కపెట్టలేరు. పూర్తిగా గట్టిపడ్డాక నీళ్లలో బాగా నానబెట్టి కడిగి, శాశ్వతంగా 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి.

ఫార్మలిన్‌లోకి పోకముందే ఒంటికి నంబరు చీటీ దారంతో కట్టాలి. అదే నంబరు కణజాలం సీసా మీద, ఫోటో పేరులో, నోటు పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో తేదీ, సమయం, జీపీఎస్ కోఆర్డినేట్లు, సముద్రమట్టం నుంచి ఎత్తు, రాయి మీదా చెట్టు మీదా, నేల నుంచి ఎంత ఎత్తున, ఉష్ణోగ్రత, పక్కన ఇంకే బల్లులున్నాయి, అన్నీ అప్పటికప్పుడే పెన్సిల్‌తో రాయండి.

చీటీ లేకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ మ్యూజియంలో ముక్కు నుంచి తోక మొదలు దాకానే 37 సెంటీమీటర్లున్న ఒక రాక్షసి బల్లి ఎండు నమూనా ఉంది. లోకంలో తెలిసిన గెకోలన్నిటిలో పెద్దది అదే. ఎక్కడ దొరికిందో దాని మీద రాసి లేదు. 1986లో ఆరోన్ బాయర్, ఆంథొనీ రస్సెల్ దాన్ని హోప్లోడాక్టిలస్ డెల్కోర్టిగా వర్ణించి, న్యూజిలాండ్‌ది అయ్యుంటుందని భావించారు. 2023లో డీఎన్ఏ తీసి చూస్తే అది న్యూ కాలెడోనియా బల్లుల వంశానికి చెందినదని తేలింది. గిగార్కానమ్ అనే కొత్త ప్రజాతి పెట్టాల్సి వచ్చింది. ఊరి పేరు రాసిన ఒక్క చీటీ ఉంటే 37 ఏళ్ల గందరగోళం ఉండేది కాదు.

మైక్రోస్కోప్ కింద

నాకు ఎంతో ఇష్టమైన దశ ఇది. ఓపిక ఉన్నవాళ్లకు బల్లి తన సంగతంతా ఇక్కడే చెబుతుంది.

కొలతలు డిజిటల్ కాలిపర్‌తో 0.1 మిల్లీమీటరు వరకు తీయండి. ముక్కు కొస నుంచి మలద్వారం దాకా పొడవు అన్నిటికీ ఆధారం. ఆ తర్వాత తల పొడవు, వెడల్పు, ఎత్తు, కన్ను వ్యాసం, కన్ను నుంచి ముక్కురంధ్రం దాకా దూరం, చెవి రంధ్రం, చంక నుంచి గజ్జ దాకా దూరం, ముంజేయి, పిక్క. అన్ని బల్లులకూ ఒకే పక్క కొలవండి. కొలిచేది కూడా ఒకే మనిషైతే మంచిది, మనిషి మారితే అంకె మారుతుంది. కొన్ని రోజులయ్యాక పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలిచి సరిచూసుకోండి.

ఇక లెక్కలు. బల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాలి నాలుగో వేలిని లెన్సు కిందికి తెండి. అడుగున దువ్వెన పళ్లలా అడ్డంగా పలకలు వరుసగా కనిపిస్తాయి. వేలి మొదట్లో అవి చిన్న చిన్న ముక్కలుగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పవుతాయి. ఎక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాలన్నదే చిక్కు. ఒకరు వెడల్పైన వాటినే లెక్కిస్తారు, ఇంకొకరు మొదటి నుంచీ లెక్కిస్తారు. మీరు ఏ పద్ధతి పాటించారో పత్రంలో రాయకపోతే మీ అంకె ఇంకెవరికీ పనికిరాదు. లైటును పక్క నుంచి ఏటవాలుగా వేయండి. నీడలు పడి అంచులు విడిగా కనిపిస్తాయి. నమూనా ఆరిపోకుండా మధ్యమధ్యలో ఇథనాల్ చుక్కలు వేస్తుండాలి.

అక్కడి నుంచి మలద్వారం పైకి రండి. చాలా జాతుల్లో మగవాటికి మలద్వారం ముందు, కొన్నిటికి తొడల కింద కూడా, పొలుసు మధ్యలో సన్నని రంధ్రాలు వరుసగా ఉంటాయి. వాటిలోంచి మైనం లాంటి పదార్థం పొడుచుకుని వస్తుంది. అవి ఎన్ని, వరుస మధ్యలో తెగిందా, తెగకుండా వి ఆకారంలో సాగిందా అన్నది చాలా ప్రజాతుల్లో జాతిని తేల్చే గుర్తు. ఆడవాటిలో అక్కడ ఒట్టి గుంటలే ఉండొచ్చు, అసలేమీ లేకపోవచ్చు. అందుకే ఆడనూ మగనూ కలిపి లెక్క రాయకండి. వీటితో పాటు పై పెదవి పొలుసులు, కింది పెదవి పొలుసులు, గడ్డం కింద పొలుసుల అమరిక, నడుము దగ్గర వీపు మీది బుడిపెల వరుసలు, పొట్టకు అడ్డంగా పొలుసులు లెక్కించండి. తోక అసలుదా తిరిగి పెరిగిందా కూడా రాయండి.

పాత పేర్లతో తలపడటం

కొత్త జాతులనుకున్నవి ఎక్కువగా ఓడిపోయేది ఈ దశలోనే. మీ బల్లి దగ్గరి బంధువుల మూల వర్ణనలన్నీ తెచ్చుకుని చదవండి, అవి లాటిన్‌లో ఉన్నా, ఫ్రెంచ్‌లో ఉన్నా, జర్మన్‌లో ఉన్నా సరే. 19వ శతాబ్దపు వర్ణనలు కొన్ని నాలుగు లైన్లే ఉంటాయి, వాటికి సరిపోని బల్లే ఉండదు. అప్పుడు హోలోటైప్‌ను స్వయంగా చూడాలి. లండన్, పారిస్, లైడెన్, వాషింగ్టన్ మ్యూజియంల్లో, కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సేకరణలో ఇలాంటి నమూనాలు వేలల్లో ఉన్నాయి. వెళ్లలేకపోతే క్యూరేటర్‌కు రాసి, ఫలానా వేలి అడుగు, ఫలానా చోట రంధ్రాలు అని స్పష్టంగా అడిగితే ఫోటోలు పంపేవాళ్లు చాలామందే.

పర్యాయ నామాలు వదలొద్దన్నది ఇందుకే. ఒకప్పుడు ఎవరో మీ దీవి బల్లికి పేరు పెట్టారు, తర్వాత ఇంకొకరు అది మామూలు జాతేనని దాన్ని కలిపేశారు. ఇప్పుడు మీరు అది వేరేనని నిరూపిస్తే, చెల్లేది ఆ పాత పేరే. మీరు చేయాల్సింది దాన్ని తిరిగి నిలబెట్టడం. కొత్త పేరు పెట్టినంత పేరు రాకపోవచ్చు గానీ, అదీ అంతే విలువైన పని.

డీఎన్ఏ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

గెకోల్లో, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని ఎన్‌డీ2 జన్యువును ఎక్కువగా వాడతారు. 1,000కు పైగా బేస్‌ల పొడవుంటుంది, జెన్‌బ్యాంక్‌లో (అందరికీ తెరిచి ఉన్న డీఎన్ఏ సమాచార నిధి) ఇతర జాతులవి బోలెడు దొరుకుతాయి కాబట్టి పోలికకు వీలు. పీసీఆర్‌తో ఆ జన్యువు నకళ్లు పెంచి, అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్‌కు పంపి, వచ్చిన వరుసలను బంధువుల వరుసల పక్కన సరిగ్గా పేర్చి, వంశవృక్షం గీయండి. మీ దీవి బల్లులన్నీ ఒకే కొమ్మ మీద కూర్చున్నాయా, ఆ కొమ్మ ఎంత దూరంలో ఉంది అన్నది చూడాలి.

ఇన్ని శాతం తేడా ఉంటే కొత్త జాతి అని గీత గీయకండి. అలాంటి గీత లేదు. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది, ఒకప్పటి సంకరం వల్ల తప్పుదారి పట్టించగలదు. అందుకే ఆర్‌ఏజీ1 లాంటి, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక జన్యువులు ఒకటి రెండైనా చేర్చండి. దీవి గుంపుకూ ప్రధాన భూభాగపు గుంపుకూ మధ్యలో ఉన్న దీవుల నుంచి కూడా నమూనాలు ఉండాలి. మధ్యవి లేకుండా రెండు చివరలనే పోలిస్తే ఏ జాతైనా రెండుగానే కనిపిస్తుంది.

కొలతల్లో తేడా ఉందో లేదో చూడటానికి ముందు శరీర పరిమాణం ప్రభావాన్ని తీసేయండి, లేకపోతే పెద్ద బల్లికీ చిన్న బల్లికీ ఉన్న తేడానే జాతి తేడాగా లెక్కలోకి వస్తుంది. రూపం, జన్యువులు, నివాసం, వీలైతే అరుపు కూడా ఒకే మాట చెబితే ముందుకు వెళ్లండి. ఒకటి అవునని, ఇంకొకటి కాదని చెబితే ఆగి మరిన్ని నమూనాల కోసం చూడటం మంచిది. ఆగడం వల్ల పోయేదేమీ లేదు. తొందరపడి పెట్టిన పేరు మాత్రం పర్యాయ నామంగా జాబితాల్లో ఎప్పటికీ ఉండిపోతుంది.

పేరు

జంతువుల పేర్లకు అంతర్జాతీయ నామకరణ నియమావళి ఉంది. దాని నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ ప్రజాతిలో అదే పేరు ఇంతకుముందు ఎవరూ వాడలేదని ముందు చూసుకోండి. విశేషణమైతే ప్రజాతి లింగానికి తగ్గట్టు ముగియాలి: నెమాస్పిస్ స్త్రీలింగం కాబట్టి సైకెడెలికా. మనిషి పేరైతే పురుషుడికి చివర ఐ, స్త్రీకి ఏఈ అక్షరాలు వస్తాయి: డెల్కోర్టి, అరియాసే. డొమినికన్ పర్యావరణ కార్యకర్త ఇవోన్ అరియాస్ గౌరవార్థం పెట్టినదే ఆ రెండోది. మీ పేరు మీరే పెట్టుకునే ఆచారం లేదు. దీవి పేరో, ఆ బల్లి ఉండే కొండ పేరో, అక్కడివాళ్లు దాన్ని పిలిచే మాటో పెడితే నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడివాళ్ల మాట వాడాలంటే మాత్రం వాళ్లనడిగి వాడండి.

పత్రం అచ్చయ్యే దాకా ఆ పేరు సోషల్ మీడియాలో, పోస్టర్లలో, ఇంటర్వ్యూల్లో ఎక్కడా వాడొద్దు. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరు చెల్లదు, గందరగోళం మాత్రం మిగులుస్తుంది.

పత్రం రాయడం

నియమావళి ప్రకారం కొన్ని తప్పనిసరి. అది కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి. ఇతర జాతుల నుంచి దాన్ని వేరు చేసే లక్షణాలు మాటల్లో చెప్పాలి. హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పి, ఏ మ్యూజియంలో ఉంటుందో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జంతువుల పేర్ల అధికారిక నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో ముందుగా నమోదు చేసి, ఆ నమోదు రుజువు పత్రంలోనే ఉండాలి. ఇందులో ఒక్కటి తప్పినా పేరు చెల్లకుండా పోవచ్చు, ఎంత గొప్ప బల్లైనా సరే.

అందులో గుండెకాయ విభేదక లక్షణాల పేరా. ఎక్కువమంది చదివేది దాన్నే. ఊరికే చిన్న పొలుసులు, మధ్యరకం తల అని రాయకండి. మగవాటిలో మలద్వారం ముందు రంధ్రాలు ఎన్ని నుంచి ఎన్ని దాకా, నాలుగో వేలి కింద పలకలు ఎన్ని నుంచి ఎన్ని దాకా అని అంకెల్లో రాయండి. తర్వాత దగ్గరి జాతులను ఒక్కొక్కటిగా తీసుకుని, ఏ అంకె ఎలా తేడాగా ఉందో పక్కపక్కన పెట్టండి. దీవికి వెళ్లిన పక్షుల పరిశీలకుడు మీ పేరా చదివి ఆ బల్లిని గుర్తుపట్టగలిగితే అది బాగా వచ్చినట్టు. మిగతావి, అంటే హోలోటైప్ వర్ణన, పారాటైప్‌ల (హోలోటైప్‌తో పాటు వర్ణనకు వాడిన మిగతా నమూనాల) మధ్య వైవిధ్యం, బతికున్నప్పటి రంగు, ఇథనాల్‌లో రంగు, పేరు వివరణ, నివాసం, అలవాట్లు, ఈ శాఖలో వచ్చిన మంచి పత్రం ఒకటి ముందు పెట్టుకుంటే వరుస తెలుస్తుంది. జూటాక్సా, జూకీస్ లాంటి పత్రికలు ఇలాంటి వర్ణనలు విరివిగా వేస్తాయి. సమీక్షకులు అనుమానం లేవనెత్తితే కోపం తెచ్చుకోకండి. మొదటి రోజు నుంచి మీరు చేస్తున్నదే వాళ్లూ చేస్తున్నారు.

చోటు చెప్పాలా?

పత్రం పంపే ముందు ఆలోచించాల్సిన పెద్ద సంగతి ఇది. 1999లో వర్ణించిన గోనియురోసారస్ లూయి అనే అందమైన బల్లిని, వర్ణన వచ్చిన కొద్దికాలానికే పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టి పట్టి, మొదట దొరికిన చోట లేకుండా చేశారు. ఇండోనేషియాలోని రోటి దీవిలో 1994లో వర్ణించిన పాముమెడ తాబేలుకూ దాదాపు అదే గతి. వేటగాళ్లు శాస్త్ర పత్రాలు చదువుతారు. 2015లో చైనా నుంచి గోనియురోసారస్ జాతులు రెండింటిని వర్ణించినవాళ్లు అందుకే చోటు వివరాలు అచ్చు వేయలేదు. ఖచ్చితమైన కోఆర్డినేట్లు అచ్చు వేయాలని నియమావళి బలవంతం చేయదు. దీవి పేరు, ప్రాంతం పేరు వరకు చెప్పి, మిగతా వివరాలు మ్యూజియం దగ్గర, అటవీ శాఖ దగ్గర భద్రంగా ఉంచండి. ఫోటోల్లోంచి జీపీఎస్ సమాచారం తీసేయడం మర్చిపోవద్దు. వెనకాల కొండ ఆకారం గుర్తుపట్టేలా ఉంటే ఆ ఫోటో వేయకండి.

దీవి జాతులకు వేటగాళ్లే కాదు ముప్పు. క్రిస్మస్ దీవి సొంత బల్లి లెపిడోడాక్టిలస్ లిస్టెరి ఇప్పుడు అడవిలో లేదు, పెంపకంలోనే మిగిలింది. 1980లలో ఆ దీవికి చేరిన తోడేలు పామును అందుకు ముఖ్య కారణాల్లో ఒకటిగా చెబుతారు. కాబట్టి మీ పత్రంలో ఎలుకలు, పిల్లులు, పాములు, బయటి బల్లులు దీవిలో ఉన్నాయా లేవా కూడా రాయండి. రాత్రికి ఎన్ని బల్లులు కనిపించాయన్న మీ లెక్క ఇక్కడే అక్కరకొస్తుంది. ఏ జాతికి ఎంత ముప్పుందో తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తరఫున అంచనా వేసేవాళ్లకు, ఆ దేశపు అటవీ శాఖకు మొదటి ఆధారం అదే. నెమాస్పిస్ సైకెడెలికాను వర్ణించిన ఏడేళ్లకే, 2017 నుంచి, సైటిస్ మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించగలిగారు. పేరు లేని ప్రాణికి అలాంటి రక్షణ అడగడం కూడా కష్టం.

పత్రం అచ్చయ్యాక సీక్వెన్సులు జెన్‌బ్యాంక్‌లో, హోలోటైప్ మ్యూజియంలో ఉన్నాయో లేదో సరిచూసుకోండి. వీలైతే పారాటైప్‌లలో కొన్ని ఆ దేశపు సేకరణలోనే ఉంచండి. పత్రం సారాంశాన్ని దీవి వాళ్ల భాషలో, ఫోటోలతో, రెండు పేజీల్లో రాసి అక్కడి బడికీ, పంచాయతీకీ, అటవీ కార్యాలయానికీ ఇచ్చి రండి. మరుసటి ఏడాది అదే నెలలో, అదే దారిలో, అన్నే గంటలు వెతికి మళ్లీ లెక్క తీయండి.